కలంకారీ నేర్చుకోవడమా, శ్రీవారి సేవకు వెళ్లడమా?

తిరుపతిలో ఉంటూ, ఫోను తెరకూ దానిలోని చెడు వార్తలకూ అతుక్కుపోయిన మనసును మళ్లించుకోవాలనుకునే వారికి చేరువలోనే రెండు దారులున్నాయి: గుడ్డపై కలంతో బొమ్మలు వేసే శ్రీకాళహస్తి కలంకారీ నేర్చుకోవడం, తిరుమలలో భక్తులకు స్వచ్ఛందంగా సేవ చేసే శ్రీవారి సేవకు వెళ్లడం.

కలంకారీ తొందరను ఏమాత్రం సహించదు. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన ద్రావణంలో నానబెట్టి ఆరబెట్టాలి. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీటిలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన రంగులో వెదురు కలాన్ని ముంచి, దానికి చుట్టిన పీలికను వేళ్లతో మెల్లగా నొక్కుతూ గీత గీయాలి. మొదట పలచగా కనిపించే ఆ గీత కరక్కాయ గుణం వల్ల చూస్తుండగానే నల్లబడుతుంది. తప్పు గీతను చెరిపే వీలు లేదు కనుక చూపు పక్కకు పోదు. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కళను నేర్చినవారు దాన్ని బతికించినవారు కూడా అవుతారు, కాకపోతే ఆ మేలు కనిపించడానికి ఏళ్లు పడుతుంది.

2000లో మొదలైన శ్రీవారి సేవలో ఫలితం అప్పటికప్పుడే కనిపిస్తుంది. తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో కూరగాయలు తరిగినా, వడ్డించినా, ఎదుటివారి ఆకలి తీరడం కళ్లారా చూస్తాం. సొంత కల్పనకు అక్కడ చోటు తక్కువే, దాన్ని నేను లోపంగా ఎంచను. అయితే సేవ గడువు ముగిసి ఇల్లు చేరగానే ఫోను మళ్లీ చేతిలోకి వచ్చే ప్రమాదం ఉంది.

అందుకే ఒక్కటే ఎంచుకోవలసి వస్తే నేను కలంకారీ వైపే మొగ్గుతాను. మనుషుల మీద నమ్మకమే సన్నగిల్లినవారు మాత్రం ముందు సేవకు వెళ్లడం మంచిది. దానికి ఆన్‌లైన్‌లో ముందుగా పేరు నమోదు చేసుకోవాలి.