ఆరేళ్లుగా నింపుతున్న షీట్: చదివిన పుస్తకాల లెక్క

ఆరేళ్ల కిందట ఈ గూగుల్ షీట్ మొదలుపెట్టినప్పుడు అందులో మూడే కాలమ్‌లు: పుస్తకం పేరు, రచయిత, పూర్తిచేసిన తేదీ. మధ్యలో పన్నెండు దాకా పెరిగాయి. ఇప్పుడు ఎనిమిది మిగిలాయి. ఏవి తీసేశానో, ఏవి ఎందుకు ఉంచానో రాస్తున్నాను. వాటిలో ఒక కాలమ్ మాత్రం నేను పుస్తకాలు ఎంచుకునే తీరునే మార్చేసింది.

అంతకుముందు రెండేళ్లు ఫోన్‌లో ఒక యాప్ వాడాను. ఏడాదికి 50 పుస్తకాలని టార్గెట్ పెట్టుకున్నాను. అక్టోబర్ వచ్చేసరికి తొమ్మిది పుస్తకాలు వెనకబడ్డాను. యాప్ తెరిచిన ప్రతిసారీ ముందు ఆ తొమ్మిదే కనిపించేది. టెన్షన్ పట్టుకుంది. అప్పటికే సగం చదివిన 600 పేజీల చరిత్ర పుస్తకాన్ని పక్కన పెట్టి, 120 పేజీలు దాటని నవలికలు ఏరుకుని చదివాను. డిసెంబర్ ముగిసేలోపు 50 పూర్తయ్యాయి. ఆ చరిత్ర పుస్తకాన్ని మళ్లీ తెరవడానికి మాత్రం ఏడాదిన్నర పట్టింది. రకరకాలుగా చదవాలని లెక్క మొదలుపెడితే, ఆ లెక్కే నా చదువుని ఇరుకు చేసింది. అందుకే ఈ షీట్‌లో టార్గెట్ లేదు.

యాప్‌తో వచ్చిన రెండో ఇబ్బంది బార్‌కోడ్. వెనక అట్ట మీద స్కాన్ చేస్తే వివరాలన్నీ క్షణంలో వచ్చేస్తాయి, సుఖంగానే ఉంటుంది. కానీ ఆ 13 అంకెల ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య, చెప్పేది ఒక ముద్రణ గురించి, రచన గురించి కాదు. వందేళ్ల కిందటి రష్యన్ నవల ఇంగ్లీషు అనువాదం చదివితే, యాప్‌లో సంవత్సరం 2016 అని, భాష ఇంగ్లీషు అని పడింది. ఇలాంటివన్నీ కలిసి నేను ఈ కాలపు ఇంగ్లీషు పుస్తకాలే చదువుతున్నట్టు గ్రాఫ్ గీసింది. కాబట్టి మూలభాష, తొలిసారి వెలువడిన సంవత్సరం చేత్తో టైప్ చేయాల్సిందే. టైటిల్ పేజీకి వెనక వైపు చూస్తే చాలావరకు దొరుకుతాయి. పుస్తకానికి రెండు నిమిషాల పని.

మూలభాష కాలమ్ పెట్టిన మొదటి ఏడాది 46 పుస్తకాలు చదివాను. ఒక్కో భాష ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే కౌంట్‌ఇఫ్ ఫార్ములా వేసి చూస్తే 41 రెండే భాషలవి. అన్ని దేశాల కథలూ చదువుతాననే నమ్మకంతో ఉన్నదాన్ని, ఆ అంకె చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. పక్కనే అనువాదకుల పేరు కోసం ఇంకో కాలమ్ కలిపాను. దాని ఫలితం నిదానంగా తెలిసింది. ఒకరోజు ఒకే అనువాదకురాలి పేరు మూడోసారి టైప్ చేస్తున్నానని గమనించి, ఆవిడ చేసిన మిగతా పుస్తకాలు వెతికాను. నేను పేరు కూడా వినని ఇద్దరు రచయితలు అలా దొరికారు. రచయితని పట్టుకుని వెళ్తే అదే గొంతు మళ్లీ వింటాం. మంచి అనువాదకుల్ని పట్టుకుని వెళ్తే కొత్త గొంతులు వినిపిస్తాయి.

విషయాల లెక్కకి లైబ్రరీలు వాడే డ్యూయీ దశాంశ వర్గీకరణనే తీసుకున్నాను. మెల్విల్ డ్యూయీ 1876లో తెచ్చిన పద్ధతి ఇది. మొత్తం పుస్తకాల్ని 000 నుంచి 900 దాకా పది తరగతులు చేస్తుంది: 300 సామాజిక శాస్త్రాలు, 500 విజ్ఞానశాస్త్రం, 700 కళలు, 800 సాహిత్యం, 900 చరిత్ర, భూగోళం. పదే గడులు కాబట్టి ఏది ఖాళీగా ఉందో ఒక్క చూపులో తెలుస్తుంది. అయితే దీన్ని పూర్తిగా నమ్ముకోకండి. సాహిత్యంలో అమెరికాకి 810, ఇంగ్లీషుకి 820 మొత్తంగా ఇచ్చేసి, తెలుగుని 894.827 అనే మూలన కూర్చోబెట్టారు. మతాల్లో 220 నుంచి 280 దాకా బైబిల్, క్రైస్తవమే, మిగతా మతాలన్నిటికీ కలిపి 290. ఈ అంకెల్ని మాత్రమే చూస్తే డ్యూయీ కాలపు చూపు మనకీ అంటుకుంటుంది. మూలభాష కాలమ్ దీని పక్కనే ఉండాలనడం అందుకే.

ఇక అసలు కాలమ్. దాని పేరు ‘ఎలా వచ్చింది’. స్నేహితులు చెప్పారా, యాప్ చూపించిందా, అదే రచయిత ఇంకో పుస్తకమా, లైబ్రరీ షెల్ఫ్‌లో కంటపడిందా, మరో పుస్తకం చివరి గ్రంథసూచిలో దొరికిందా, ఇలా ఐదారు మాటల్లో ఒకటి రాస్తాను. రెండేళ్లు నింపాక పివట్ టేబుల్ వేశాను, అంటే రెండు కాలమ్‌లని ఎదురెదురుగా పెట్టి లెక్క చూపించే పట్టిక. అడ్డంగా డ్యూయీ తరగతులు, నిలువుగా పుస్తకం వచ్చిన దారి. యాప్ చూపించినవి, అదే రచయితవి కలిపితే సగం కంటే ఎక్కువ, దాదాపు అన్నీ 800లోనే. నేను అంతకుముందు అడుగుపెట్టని తరగతుల్లో పుస్తకాలు మాత్రం దాదాపుగా రెండే దారుల్లో వచ్చాయి: షెల్ఫ్, గ్రంథసూచి.

అప్పటిదాకా ‘ఈసారి సైన్స్ చదవాలి’ అని గట్టిగా అనుకోవడమే మార్గమనుకున్నాను. అలా అనుకుని తెచ్చినవి సగంలో ఆగిపోయేవి. పివట్ టేబుల్ చూశాక పుస్తకాన్ని కాకుండా దారిని మార్చాను. యాప్ సిఫారసులు పూర్తిగా ఆపేసి, లైబ్రరీకి వెళ్లినప్పుడల్లా నేను వెతికే పుస్తకం దగ్గర కాకుండా ఎప్పుడూ నిలబడని ఒక షెల్ఫ్ దగ్గర పది నిమిషాలు గడిపేదాన్ని. 551 దగ్గర, అంటే భూగర్భం, నీళ్లు, వాతావరణం ఉండే చోట, నదులు దారి ఎలా మార్చుకుంటాయో చెప్పే పుస్తకం దొరికింది. దాని గ్రంథసూచి నన్ను ఒక ప్రయాణ రచనకి తీసుకెళ్లింది, అది 910. అక్కడి నుంచి వరదల తర్వాత ఊళ్లు ఎలా కోలుకుంటాయన్న అధ్యయనానికి, అది 300ల్లోకి. మూడు నెలల్లో మూడు తరగతులు తిరిగాను, ఒక్కటీ బలవంతంగా చదవలేదు. షీట్‌లో ఆ మూడు వరుసలకి ఆకుపచ్చ రంగు వేసి ఉంచుకున్నాను.

సగంలో ఆపేసిన పుస్తకాలు కూడా రాయండి. తేదీ గడిలో ఏ పేజీ దగ్గర ఆపానో వేస్తాను. ఒక ఏడాది ఆపేసిన పదకొండులో ఎనిమిది 40వ పేజీ లోపే ఆగాయి, ఆ ఎనిమిదిలో ఆరు రాత్రి పడుకోబోయే ముందు చదివినవి. విషయం కష్టమని వదిలేశాననుకున్నాను గానీ, వేళ తప్పు. వాటిలో నాలుగు పొద్దున పూట చదివితే సాఫీగా సాగిపోయాయి.

తీసేసినవి: స్టార్ రేటింగ్, పేజీల సంఖ్య, చదివిన నిమిషాలు, మూడ్. రేటింగ్ పెట్టాలని తెలిస్తే చదువుతున్నంతసేపూ మనసులో మార్కులు వేస్తూ ఉంటాను, అది నాకు పడలేదు. నిమిషాల లెక్క నాలుగు వారాలు నిలవలేదు.

యాప్‌లే సౌకర్యమనుకునేవాళ్లకి ఒక మాట. చదివిన పుస్తకాలు రాసుకునే గుడ్‌రీడ్స్ నుంచి మన పట్టికని సీఎస్‌వీ ఫైల్‌గా (ఏ షీట్‌లోనైనా తెరుచుకునే సాదా పట్టిక) దించుకోవచ్చు, అలాంటిదే ఇంకో యాప్ స్టోరీగ్రాఫ్ ఆ ఫైల్‌ని నేరుగా తీసుకుంటుంది, షీట్‌లోనూ తెరుచుకుంటుంది. ఏది వాడినా ఆరు నెలలకోసారి ఆ ఫైల్ దించి దాచుకోండి. యాప్‌లో అడగని మూలభాష, ‘ఎలా వచ్చింది’ అన్నవి నోట్స్‌లో రాసుకున్నా సరిపోతుంది. షీట్‌ని మాత్రం రోజూ తెరిచి చూడకండి. పుస్తకం అయిపోయిన రోజు ఒక వరుస నింపడం, మూడు నెలలకోసారి లెక్క చూడడం, అంతే. వారం వారం చూసిన రోజుల్లో నాకు మళ్లీ ఆ పాత తొమ్మిది పుస్తకాల టెన్షనే మొదలైంది.

ఈ ఏడాది ఇప్పటికి 17 వరుసలు నిండాయి, ఆరు మూలభాషలు. 500ల్లో నాలుగు. భాషాశాస్త్రం ఉండే 400 ఆరేళ్లయినా ఖాళీగానే ఉంది. ఆ ప్రయాణ రచన చివరి పేజీల్లో లిపుల పుట్టుక మీద రెండు పుస్తకాల పేర్లు కనిపిస్తే రాసి పెట్టుకున్నాను. శనివారం లైబ్రరీలో అడగాలి.