చెరువు గట్టు మీద ఐదేళ్లు: ఎస్‌టీఎం32లో డీఎంఏతో సీరియల్ డేటా అందుకోవడం, నా అనుభవం

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులకు ఆక్సిజన్ మీటర్ బాక్సులు తయారుచేసి బిగించడం నా పని. నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ని కొలిచే సెన్సర్ చెరువులో ఉంటుంది. అక్కణ్ణుంచి గట్టు మీది బాక్సు దాకా ఆర్‌ఎస్-485 అనే పద్ధతిలో (ఏ, బీ అనే రెండు తీగల మీద) డేటా మోసే వైరు వస్తుంది. బాక్సులోని మైక్రోకంట్రోలర్ 5 సెకన్లకోసారి సెన్సర్‌ని అడుగుతుంది, జవాబు చదివి డిస్‌ప్లే మీద వేస్తుంది, మోడెమ్ ద్వారా రైతు ఫోన్‌కి పంపుతుంది. తెల్లవారేముందు చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ బాక్సు తప్పు చూపిస్తే ఒక పంట మొత్తం పోవచ్చు. అందుకే ఆ సీరియల్ లైన్ (బిట్లు ఒకదాని వెనక ఒకటిగా వచ్చే లైన్) మీద వచ్చే ప్రతి బైటూ నాకు ముఖ్యమే.

2020 నుంచి అన్ని బాక్సుల్లోనూ ఎస్‌టీఎం32ఎఫ్103 అనే మైక్రోకంట్రోలర్ చిప్పే పెడుతున్నాను. సీరియల్ డేటాని డీఎంఏతో (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటాని మెమరీలోకి చేర్చే హార్డ్‌వేర్) రింగ్ బఫర్‌లోకి (చివరికి వెళ్లాక మళ్లీ మొదటికి తిరిగే తాత్కాలిక నిల్వలోకి) తీసుకుంటాను. ఈ సమీక్ష ఆ పద్ధతి గురించి.

అంతకుముందు ఆర్డువినో ఊనో అనే బోర్డు వాడాను. దాంట్లో హార్డ్‌వేర్ సీరియల్ పోర్టు ఒక్కటే. దాన్ని మోడెమ్‌కి ఇచ్చి, సెన్సర్‌ని సాఫ్ట్‌వేర్ సీరియల్ (ప్రోగ్రామే పోర్టులా నటించే లైబ్రరీ) మీద పెట్టాను. బల్ల మీద రెండూ విడివిడిగా చక్కగా పనిచేశాయి. కలిపేసరికి మోడెమ్ జవాబుల్లో మధ్యమధ్య అక్షరాలు మాయం. లైబ్రరీలోని బఫర్ 64 బైట్లే కదా, చాలడం లేదేమో అని 128 చేశాను. వారం రోజులు చూసినా ఏమీ మారలేదు.

తర్వాత కాగితం మీద లెక్కేస్తే విషయం తేలింది. 9600 బాడ్ (సెకనుకి 9600 బిట్ల వేగం) మీద ఒక బైట్ అంటే స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి 10 బిట్లు, సుమారు 1.04 మిల్లీసెకన్లు. ఆ బైట్ వస్తున్నంతసేపూ సాఫ్ట్‌వేర్ సీరియల్ బిట్లు లెక్కపెడుతూ మిగతా ఇంటరప్ట్‌లన్నిటినీ (చేస్తున్న పని ఆపి ఇది చూడు అని ప్రాసెసర్‌ని పిలిచే సంకేతాలని) ఆపేస్తుంది. అదే సమయంలో మోడెమ్ 115200 మీద 87 మైక్రోసెకన్లకో బైట్ చొప్పున 11, 12 బైట్లు పంపగలదు. ఆ చిప్ లోపల రెండు బైట్లకు చోటు, ఇంకోటి వస్తూ ఉండటానికి చోటు, అంతే. మిగతావి బఫర్ దాకా రాకుండానే పోతున్నాయి. గుమ్మం దగ్గరే పోయే వాటికి లోపల గది పెద్దది చేసి లాభమేముంది! పైగా 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో ఆ చిప్ 115200ని కచ్చితంగా ఇవ్వలేదు, 2.1 శాతం తేడా ఉంటుంది.

ఎస్‌టీఎం32ఎఫ్103లో మూడు సీరియల్ పోర్టులున్నాయి, వేగం 72 మెగాహెర్ట్జ్. సమస్య తీరిపోయిందనుకున్నాను. కానీ ఈ చిప్ సీరియల్ పోర్టులో ఫిఫో (బైట్లు వరసగా ఆగే చిన్న క్యూ) లేదు. వచ్చిన బైట్‌ని పెట్టుకోవడానికి ఉన్నది ఒకే రిజిస్టర్. తర్వాతి బైట్ పూర్తిగా వచ్చేలోపు దాన్ని తీసుకోకపోతే ఓవర్‌రన్, కొత్తగా వచ్చిన బైట్ పోయినట్టే. మొదట్లో బైట్‌కో ఇంటరప్ట్ పెట్టి నడిపాను. పగలంతా బాగుండేది. రాత్రి సరిగ్గా 12 గంటలకు మోడెమ్ జవాబు తెగిపోయేది. రోజూ ఆ టైముకే, ఒకసారి కూడా తప్పకుండా.

ఆ టైముకి నా ప్రోగ్రామ్ ఆ రోజు లెక్కల్ని చిప్‌లోని ఫ్లాష్‌లో (కరెంటు పోయినా నిలిచే మెమరీలో) రాసుకుంటుంది. రాసేముందు ఒక పేజీ చెరపాలి. దానికి డేటాషీట్ ప్రకారం 20 నుంచి 40 మిల్లీసెకన్లు పడుతుంది. ప్రోగ్రామ్ నడిచేది కూడా ఆ ఫ్లాష్ నుంచే కాబట్టి అంతసేపూ ప్రాసెసర్ కదలకుండా నిలబడిపోతుంది. ఇంటరప్ట్ వచ్చినా దాన్ని చూసే నాథుడుండడు.

డీఎంఏ విలువ నాకు అప్పుడు తెలిసింది. సీరియల్ పోర్టులో బైట్ పడగానే డీఎంఏ దాన్ని తీసుకెళ్లి ర్యామ్‌లో పెట్టేస్తుంది. ప్రాసెసర్ నిద్రపోతున్నా, ఫ్లాష్ చెరుపుతూ ఇరుక్కుపోయినా దాని పని దానిదే. సర్క్యులర్ మోడ్‌లో పెడితే బఫర్ చివరికి వెళ్లి మళ్లీ మొదటికి వస్తుంది, ఎవరూ తిరిగి స్టార్ట్ చేయక్కర్లేదు. ఎక్కడిదాకా నింపిందో తెలుసుకోవడానికి డీఎంఏ కౌంటర్ చదివితే చాలు. అది మిగిలిన చోటు చెబుతుంది, బఫర్ సైజులోంచి తీసేస్తే రాసిన చోటు వస్తుంది. నా మెయిన్ లూప్ తీరిక దొరికినప్పుడల్లా ఆ కౌంటర్ చూసి, కొత్తగా వచ్చినవి చదువుకుంటుంది. ప్రోగ్రామ్ ఏం చేస్తోందన్న దానితో సంబంధం లేకుండా బైట్లు చేరిపోవాలి. నాకు కావలసింది ఇదే.

బఫర్ సైజు మాత్రం లెక్కేసి పెట్టుకోవాలి. నేను మొదట అన్నిటికీ 256 పెట్టాను. సెన్సర్ లైన్‌కి 9600 మీద అది 267 మిల్లీసెకన్లకు సరిపోతుంది. మోడెమ్ లైన్‌కి 115200 మీద 22 మిల్లీసెకన్లకే నిండిపోతుంది. ఫ్లాష్ చెరపడానికి 40 పట్టిందంటే డీఎంఏ ఒక చుట్టు తిరిగొచ్చి చదవని బైట్ల మీదే రాసేస్తుంది. ఇందులో నాకు నచ్చని విషయం, అలా రాసేసినా ఏ ఫ్లాగూ లేవదు, ఎవరికీ చెప్పదు. మోడెమ్ బఫర్‌ని 1024 చేశాక ఆ బాధ తగ్గింది. చిప్‌లో 20 కిలోబైట్ల ర్యామ్ ఉంది కాబట్టి ఇవ్వగలిగాను.

ఇప్పుడు ఐడిల్ ఇంటరప్ట్ సంగతి. లైన్ ఒక బైట్ కాలం ఖాళీగా ఉంటే చిప్ ఐడిల్ ఫ్లాగ్ లేపుతుంది. ఈ చిప్ తయారుచేసే ఎస్‌టీ సంస్థ ఇచ్చే హెచ్‌ఏఎల్ అనే లైబ్రరీలో దీనికోసం రిసీవ్ టు ఐడిల్ అనే ఫంక్షనే ఉంది. ఐడిల్ వచ్చిందంటే ఒక మెసేజ్ పూర్తయిందని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే రాశాను. ఒక రకం సెన్సర్‌తో ఐదారు జవాబుల్లో ఒకటి సీఆర్‌సీ (బైట్లు చెడలేదని సరిచూసే లెక్క) తప్పేది. లాజిక్ అనలైజర్ పెట్టి చూస్తే బైట్లన్నీ సరైనవే! కాకపోతే మూడో బైట్ తర్వాత ఆ సెన్సర్ కాసేపు ఆగి మిగతాది పంపుతోంది. సెన్సర్ మాట్లాడే మోడ్‌బస్ ఆర్‌టీయూ నియమాల ప్రకారం ఒక ఫ్రేమ్ (ఒక పూర్తి మెసేజ్) మధ్యలో ఒకటిన్నర బైట్ల కాలం దాకా ఖాళీ ఉండొచ్చు, రెండు ఫ్రేమ్‌ల మధ్య మూడున్నర ఉండాలి. ఐడిల్ ఒక బైట్‌కే లేస్తుంది. అంటే సెన్సర్ తప్పేమీ లేదు. నా ప్రోగ్రామే ఒక జవాబుని రెండు ముక్కలుగా చూసింది.

అప్పటినుంచి ఐడిల్‌ని 'ఏదో వచ్చింది, వెళ్లి చూడు' అనే కబురుగా మాత్రమే వాడుతున్నాను. ఫ్రేమ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తేల్చేది బైట్ బైట్‌గా చదివే పార్సర్. సెన్సర్‌ని రెండు రిజిస్టర్లు (ఒక్కోటి రెండు బైట్ల విలువ) అడిగితే జవాబు 9 బైట్లు: అడ్రస్ 01, ఫంక్షన్ 03, డేటా ఎంతో చెప్పే 04, నాలుగు డేటా బైట్లు, రెండు సీఆర్‌సీ బైట్లు. ఆర్‌ఎస్-485 చిప్ పంపే వైపు నుంచి అందుకునే వైపు మారేటప్పుడు ఒక్కోసారి ముందు ఒక దొంగ 00 వచ్చి పడుతుంది. 00 01 03 04 అని మొదలవుతుందన్నమాట. సీఆర్‌సీ తప్పిందని మొత్తం పారేస్తే అసలు జవాబూ పోతుంది. అందుకని నా పార్సర్ ముందున్న ఒక్క బైట్‌నే వదిలేసి, రెండోదాని నుంచి మళ్లీ సరిచూస్తుంది. ఈ చిన్న మార్పుతో పోయే రీడింగులు చాలా తగ్గాయి. అందుకునే పిన్‌కి 10 కిలోఓమ్‌ల పుల్‌అప్ (లైన్ ఖాళీగా ఉన్నప్పుడు దాన్ని పై స్థాయిలో పట్టి ఉంచే రెసిస్టర్) పెట్టాక ఆ దొంగ బైట్లు కూడా దాదాపు కనబడటం లేదు.

ఇక నన్ను బాగా భయపెట్టిన రాత్రి గురించి. 2021లో ఒకరోజు తెల్లవారుజామున నాలుగున్నరకి చెరువు కాపలా చూసే ఆయన ఫోన్ చేశాడు. "ఏవండీ, మీ బాక్సు ఐదు పాయింట్ రెండు అంటోందండి. ఇక్కడ చూస్తే రొయ్యలు పైకొచ్చేశాయండి. నేను ఏరియేటర్లన్నీ వేసేశానండి." ఆయన కళ్లతో చూసి, నీళ్లలో గాలి కలిపే ఆ మోటార్లు వేయబట్టి సరుకు దక్కింది. నా బాక్సు రాత్రి పదకొండు నుంచీ అదే 5.2 (ఆక్సిజన్ బాగానే ఉందనే అంకె) చూపిస్తూ కూర్చుంది.

ఏరియేటర్ మోటార్ ఆన్ అయినప్పుడు లైన్ మీద నాయిస్ వచ్చి ఒక బైట్ చెడింది, ఫ్రేమింగ్ ఎర్రర్ (బైట్ చివర స్టాప్ బిట్ ఉండాల్సిన చోట కనబడకపోవడం). డీఎంఏతో అందుకుంటున్నప్పుడు ఏ ఎర్రర్ వచ్చినా హెచ్‌ఏఎల్ రిసెప్షన్‌ని ఆపేసి, ఎర్రర్ కాల్‌బ్యాక్‌ని (ఎర్రర్ వస్తే ఏం చేయాలో మనం రాసిపెట్టే ఫంక్షన్‌ని) పిలుస్తుంది. మళ్లీ స్టార్ట్ చేయాల్సింది మనమే. నేను ఆ కాల్‌బ్యాక్ రాయలేదు. చెడింది ఒక్క బైట్, ఆగిపోయింది మొత్తం రిసెప్షన్. ఆ వారమంతా నాకు నిద్ర పట్టలేదు, ఫోన్ మోగితే టెన్షన్.

బిగించిన ప్రతి బాక్సు దగ్గరికీ వెళ్లి ప్రోగ్రామ్ మార్చాను. ఎర్రర్ కాల్‌బ్యాక్‌లో రిసెప్షన్‌ని మళ్లీ స్టార్ట్ చేయించాను. అదొక్కటే నమ్ముకోకుండా, 30 సెకన్లపాటు సరైన ఫ్రేమ్ రాకపోతే పోర్టునీ డీఎంఏనీ మొదటినుంచి సెట్ చేసేలా పెట్టాను. డిస్‌ప్లే మీద రీడింగ్ పక్కన అది ఎన్ని సెకన్ల కిందటిదో వేస్తున్నాను, నిమిషం దాటితే అంకె తీసేసి గీతలు చూపిస్తుంది. ఇప్పుడు ఆ కాపలా ఆయన ముందు సెకన్లు చూసి, ఆ తర్వాతే రీడింగ్ చూస్తున్నాడు. ఈ పద్ధతి వాడబోయేవాళ్లకు నేను మొదట చెప్పేది ఈ కాల్‌బ్యాక్ గురించే.

మరికొన్ని ఇబ్బందులున్నాయి. ఈ చిప్‌లో ఏ డీఎంఏ ఛానల్ దేనికన్నది ముందే రాసిపెట్టి ఉంటుంది, మార్చుకోలేం. మూడో సీరియల్ పోర్టు అందుకునే ఛానలూ, మొదటి ఎస్‌పీఐ (డిస్‌ప్లేని కలిపిన పోర్టు) పంపే ఛానలూ ఒకటే. అందుకే డిస్‌ప్లేకి డీఎంఏ వాడుకోలేకపోయాను. క్లాక్ విషయంలో చిప్ లోపలి ఆసిలేటర్‌ని నమ్మను, వేడికి దాని వేగం మారుతుంది. ఎండాకాలం గట్టు మీద మూసి ఉన్న బాక్సులో వేడి ఎలా ఉంటుందో చెయ్యి పెట్టి చూసినవాళ్లకు తెలుసు. 8 మెగాహెర్ట్జ్ క్రిస్టలే వాడతాను.

ఒకే ఒక సెన్సర్‌ని 9600 మీద చదివి, మధ్యలో పెద్ద పనులేవీ లేకపోతే ఇంత అక్కర్లేదు, ఇంటరప్ట్‌తో రింగ్ బఫర్ సరిపోతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 32 బైట్ల ఫిఫో ఉన్న ఆర్‌పీ2040నో, 128 బైట్ల ఫిఫో ఉన్న ఈఎస్‌పీ32నో చూసినా మంచిదే. నా బాక్సులు మాత్రం ఎస్‌టీఎం32 మీదే కొనసాగుతాయి. దాని బలహీనతలు ఎక్కడున్నాయో నాకిప్పుడు తెలుసు.

ఆ రాత్రి తర్వాత ఇంకో పని కూడా చేశాను. ఓవర్‌రన్, ఫ్రేమింగ్, సీఆర్‌సీ ఎర్రర్లు ఒక్కోటి ఎన్నొచ్చాయో ప్రతి బాక్సూ లెక్కపెట్టి పొద్దున్నే నాకు పంపుతుంది. మామూలుగా అవి సున్నా, లేదంటే ఒకటో రెండో. మొన్న వర్షాల్లో ఒక చెరువు బాక్సులో ఫ్రేమింగ్ ఎర్రర్లు మూడు రోజులు వరసగా పెరిగాయి. రీడింగులు మాత్రం ఇంకా సరిగానే వస్తున్నాయి. వెళ్లి సెన్సర్ దగ్గరి జంక్షన్ బాక్సు విప్పితే, ఉప్పునీటి చెమ్మకి బీ వైరు టెర్మినల్ పచ్చగా చిలుము పట్టి ఉంది, వేలితో తాకగానే వైరు ఊడి చేతిలోకొచ్చింది.