పాత డెల్ మైక్రో కంప్యూటర్‌పై లినక్స్ మింట్: తెలుగు రాసేవారి కోణంలో సమీక్ష

డెల్ ఆప్టిప్లెక్స్ 3050 మైక్రో 2017లో ఆఫీసుల కోసం వచ్చిన చిన్న కంప్యూటర్. పొడవూ వెడల్పూ దాదాపు 18 సెంటీమీటర్లు, మందం నాలుగు సెంటీమీటర్ల లోపే కాబట్టి మానిటర్ వెనక ఇమిడిపోతుంది. ఇంటెల్ ఏడో తరం ఐ5-7500టీ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న సెకండ్‌హ్యాండ్ పెట్టెను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో, మానిటరూ కీబోర్డూ కాకుండా పదివేల లోపు ధరకు తీసుకున్నాను. అందులోని విండోస్‌ను తీసేసి, ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ 22ను, తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్‌లో వేసి, ఇంట్లో పిల్లల చదువుకూ నా రాతపనికీ వాడుతున్నాను. ఇంతకన్నా తక్కువ ఖర్చుతో ఇంత నమ్మకంగా తెలుగు రాసుకోగల ఏర్పాటు నాకు మరొకటి కనబడలేదు.

ఇవి ఇంత చవకగా దొరకడానికి కారణం యంత్రాలు పాడవడం కాదు. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11కు కావలసిన ప్రాసెసర్ల జాబితాలో ఇంటెల్ ఏడో తరం, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, లేనే లేదు. లీజు ముగిసి కంపెనీల నుంచి బయటికి వచ్చిన పెట్టెలు, ఇంకా ఏళ్ల తరబడి పనిచేయగలిగి ఉండి కూడా, ఈ ఒక్క నిబంధన వల్ల విలువ కోల్పోయాయి. మింట్‌కు ఆ నిబంధన లేదు. పైగా 22 వరుసకు 2029 వరకు భద్రతా సవరణలు వస్తాయి.

కొనేటప్పుడు అన్నిటికన్నా ముందు అడాప్టర్‌ను పట్టి చూడాలి. డెల్ అసలు అడాప్టర్ పిన్ను మధ్యలో సన్నని సూది లాంటి కడ్డీ ఉంటుంది. కంప్యూటర్ దాని ద్వారానే అడాప్టర్ ఎన్ని వాట్లదో గుర్తిస్తుంది. గుర్తించలేకపోతే ఆన్ చేయగానే తెరపై హెచ్చరిక వస్తుంది, దాన్ని దాటేసి ముందుకు వెళ్లినా ప్రాసెసర్ వేగం బాగా తగ్గిపోయి, మంచి పెట్టె కూడా ఎందుకూ పనికిరానిదిగా అనిపిస్తుంది. అందుకే దుకాణంలోనే, వాళ్లు మీకు ఇవ్వబోయే అడాప్టర్‌తోనే ఆన్ చేయించండి. ఆ తర్వాత ఎఫ్2 నొక్కి బయోస్ (కంప్యూటర్ మూల సెట్టింగుల తెర) తెరిపించండి. పాత కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ తీయకుండా ఉంటే ఆ పెట్టె ఎంత చవకైనా వద్దు. ఆరో తరం ప్రాసెసర్ ఉన్న పెట్టెను ఇంకాస్త తగ్గించి ఇస్తామంటారు, కానీ యూట్యూబ్ విరివిగా వాడే వీపీ9 ఫార్మాట్ వీడియోను పూర్తిగా హార్డ్‌వేర్‌లోనే విప్పగలిగేది ఏడో తరమే కాబట్టి ఆ తేడా డబ్బులు పెట్టడమే మేలు. వైఫై కార్డు చాలా పెట్టెల్లో ఉండదు. చవక డాంగిల్ బదులు లోపల అమర్చే ఇంటెల్ కార్డు, దాని యాంటెనాలతో సహా అడిగి వేయించుకుంటే మింట్‌లో విడిగా డ్రైవర్ వెతుక్కునే పని ఉండదు.

ఇన్‌స్టాలేషన్ సులువే. పెన్‌డ్రైవ్ పెట్టి, ఎఫ్12 నొక్కి, దాని నుంచి బూట్ చేయాలి. ఇన్‌స్టాలర్‌కు ఎస్‌ఎస్‌డీ కనబడకపోతే కంగారు పడనక్కరలేదు: ఈ పెట్టెలు చాలావరకు బయోస్‌లో డిస్కులను నడిపే తీరు రెయిడ్ పద్ధతికి సెట్ చేసి వస్తాయి, సాటా ఆపరేషన్ అన్నచోట దాన్ని ఏహెచ్‌సీఐకి మారిస్తే వెంటనే కనబడుతుంది. విండోస్‌ను కూడా పక్కన ఉంచుకోదలచినవారు ఈ మార్పుతో అది బూట్ కాకుండా పోవచ్చని ముందే గమనించాలి.

రోజువారీ వాడకంలో దీనికి లోటు చెప్పలేను. ఏమీ తెరవనప్పుడు ఒక జీబీకి అటూ ఇటూగా ర్యామ్ వాడుతుంది. బ్రౌజర్‌లో పాఠం నడుస్తుండగా పక్కన లిబ్రె ఆఫీస్ తెరిచినా తడబడదు. ప్రాసెసర్ 35 వాట్లదే కావడంతో కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద పెద్ద భారం ఉండదు. అప్‌డేట్లు మనం ఒప్పుకున్నప్పుడే దిగుతాయి, పని మధ్యలో రీస్టార్ట్ చేయవు. 4కే మానిటర్ ఉన్నవారు మాత్రం హెచ్‌డీఎంఐకి బదులు డిస్‌ప్లే పోర్టుకు కలపాలి, లేకపోతే 30 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది.

ఇక తెలుగు సంగతి. కీబోర్డు సెట్టింగుల్లో తెలుగును చేరిస్తే భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్ అమరిక వెంటనే వచ్చేస్తుంది. ఇంగ్లిషు అక్షరాలతో టైపు చేసే అలవాటు ఉన్నవారు టైపింగ్ పద్ధతులను మార్చే ఐబస్ ప్రోగ్రామునూ, దానికి ఎం17ఎన్ ప్యాకేజీనీ వేసుకుంటే ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ పద్ధతులు దొరుకుతాయి, యాపిల్, పోతన అమరికలు కూడా వస్తాయి. ఏళ్లుగా ఒకే అమరికకు వేళ్లు అలవాటుపడ్డ మనిషికి ఇది ఎంత ఊరటో రాసేవారికి తెలుసు. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ‘తెలుగువిజయం’ ఫాంట్ల ప్యాకేజీ ఉంది: మండలి, రామభద్ర, సూరన్న, పొన్నాల, గిడుగు వంటి యూనికోడ్ ఫాంట్లు ఒక్కసారే దిగిపోతాయి. నేను వ్యాసానికి మండలి, శీర్షికకు రామభద్ర వాడుతున్నాను. లిబ్రె ఆఫీస్‌లో ‘స్వాతంత్ర్యం’ అని రాసి పీడీఎఫ్ తీస్తే ఒత్తు కింద ఒత్తు సరిగ్గా కూర్చుని వస్తుంది. డెస్క్‌టాప్ భాషను తెలుగుకు మార్చుకుంటే మాత్రం మెనూలు కొన్ని తెలుగులో, కొన్ని ఇంగ్లిషులో కలగలిసి కనబడతాయి. అనువాదం ఇంకా చాలా జరగవలసి ఉంది, తెలుగువారే పూనుకోవలసిన పని అది.

అందరికీ ఇది సరిపడదు. అను స్క్రిప్ట్ అనే పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌తో పేజ్‌మేకర్‌లో పుస్తకాలు, శుభలేఖలు కూర్చే డీటీపీ వారికి ఈ మార్పు అసాధ్యమనే చెప్పాలి. ఆ పాత ఫైళ్లలో ఉన్నది అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ కాదు కాబట్టి తెలుగంతా పొంతనలేని గుర్తులుగా కనబడుతుంది. ట్యాలీ మీద లెక్కలు రాసే దుకాణదారులూ విండోస్‌లోనే ఉండడం మంచిది. ప్రింటర్ విషయంలో హెచ్‌పీ మోడళ్లలో చాలావాటికి అవసరమైన హెచ్‌పీలిప్ డ్రైవర్ మింట్‌లో సులువుగా దొరుకుతుంది. మన జిరాక్స్ షాపుల్లో తరచూ కనబడే కానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ ఆ కంపెనీ సొంత క్యాప్ట్ పద్ధతిలో పనిచేస్తుంది కనుక, లినక్స్‌లో దాన్ని నడిపించాలంటే తెలిసినవారి సాయం కావాలి.

మొదట 8 జీబీతోనే మొదలుపెట్టండి. లోపల ర్యామ్‌కు రెండు స్లాట్లు ఉన్నాయి, వెనక ఉన్న ఒక్క స్క్రూ తీస్తే మూత జరుగుతుంది. ల్యాప్‌టాప్‌లలో వాడే డీడీఆర్4 ముక్కే ఇందులోనూ పడుతుంది కాబట్టి కావాలనుకున్నప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో ఇంకో 8 జీబీ తెచ్చి వేసుకోవచ్చు.