స్పీకింగ్ ప్రాక్టీస్‌కి పార్ట్‌నర్: ఫ్రెండా, బాగా మాట్లాడేవాళ్ళా, కొత్తవాళ్ళా?

వైజాగ్ ద్వారకానగర్ కోచింగ్‌లకి వెళ్ళే పిల్లలు తిప్పి తిప్పి ఇదే అడుగుతున్నారు, కేంబ్రిడ్జ్ వాళ్ళ ఇంగ్లీష్ పరీక్ష బీ1 ప్రిలిమినరీలో స్పీకింగ్‌కి ఎవరితో ప్రాక్టీస్ చెయ్యాలండీ అని. ఐఈఎల్‌టీఎస్ వాళ్ళకి ఈ గొడవ లేదు, ఎదురుగా ఎగ్జామినర్ ఒక్కరే. బీ1లో మాత్రం మన పక్కన ఇంకో క్యాండిడేట్ కూర్చుంటారు, ఎగ్జామినర్లు ఇద్దరు, ఒకరు మాట్లాడిస్తారు, ఇంకొకరు ఊరికే వింటూ మార్కులేస్తారు. ఇద్దరికీ కలిపి ఓ 12 నిమిషాలు.

మొదటి పార్ట్‌లో మన గురించి ప్రశ్నలు, రెండో పార్ట్‌లో ఫోటో చూసి ఒక నిమిషం ఎవరికి వాళ్ళు చెప్పడం. వీటికి పార్ట్‌నర్ అక్కర్లేదు, ఫోన్‌లో రికార్డ్ చేసుకుని మళ్ళీ వినండి చాలు. మనిషి కావాల్సింది మూడో పార్ట్‌కి. ఏదో సందర్భం చెప్పి బొమ్మలున్న కాగితం ఇస్తారు, ఊరు మారిపోతున్న ఫ్రెండ్‌కి ఏ గిఫ్ట్ బాగుంటుంది లాంటిది, దాని మీద ఇద్దరూ మాట్లాడుకోవాలి. నాలుగోది అదే టాపిక్ మీద ఇంకాస్త చర్చ.

ఫ్రెండ్‌తో అయితే సిగ్గుండదు, సాయంత్రం ఆర్కే బీచ్ గోడ మీద కూర్చుని మొదలెట్టేయొచ్చు. కానీ వాడికి మనం సగం చెప్తే మిగతా సగం తెలిసిపోద్ది. "బుక్ ఈజ్ నాట్ గుడ్" అంటే తలూపేస్తాడు, ఎందుకు అని అడగడు, అడిగినా "అదేరా, మొన్న అనుకున్నాం కదా" అని మనం తెలుగులోకి జారిపోతాం. రెండు రోజులు నోరు తిరగడానికి పర్లేదు, అంతకు మించి వద్దంటాను.

మనకన్నా బాగా మాట్లాడేవాళ్ళు, అంటే ఇంగ్లీష్ మీడియంలో చదివిన బావో, కాలేజీలో సీనియరో, తప్పులు దిద్దుతారు నిజమే, కాకపోతే మూడు నిమిషాల్లో రెండున్నర వాళ్ళే మాట్లాడేస్తారు, మనకి "యస్, ఐ అగ్రీ" మిగుల్తుంది. పరీక్షలో ఎవరి మార్కులు వాళ్ళవే, ఒకళ్ళతో ఒకళ్ళని పోల్చరు, కాబట్టి పక్కవాళ్ళు దంచేస్తే మనకి ఒరిగేదేం లేదు. అలాంటివాళ్ళని ఎగ్జామినర్ కుర్చీలో కూర్చోబెట్టండి, అక్కడైతే బాగా పనికొస్తారు.

నా ఓటు కొత్తవాళ్ళకే, మన లెవెల్‌లో ఉన్నవాళ్ళు, కుదిరితే తెలుగు రానివాళ్ళు. వైజాగ్‌లో దానికి కరువేం లేదు, ఈస్టర్న్ నేవల్ కమాండ్ ఇక్కడే ఉంది కాబట్టి నేవీ ఫ్యామిలీలు బోలెడు, స్టీల్ ప్లాంట్ వైపు బయటి రాష్ట్రాలవాళ్ళున్నారు, ఆంధ్రా యూనివర్సిటీలో ఒడిశా పిల్లలుంటారు. తెలుగు రాదు కాబట్టి అర్థం కాకపోతే మొహం మీదే అడుగుతారు, మనం ఇంకోలా చెప్పుకోవాలి, వాళ్ళు ఏమనుకుంటున్నారో మనమే కనుక్కోవాలి. మార్కులిచ్చేవాటిలో ఇంటరాక్టివ్ కమ్యూనికేషన్ అని ఒకటుంది, అది ఇదే, బట్టీ పట్టిన వాక్యాలతో రాదు. ఏ గిఫ్ట్ తేల్చారన్నదానికి మార్కులుండవు, ఒప్పుకోకపోయినా తప్పు లేదు, ఎందుకో చెప్పి "వాట్ డూ యూ థింక్?" అని అవతలివాళ్ళకి వదిలితే చాలు. హిందీ వచ్చినవాళ్ళు మాత్రం జాగ్రత్త, ఇద్దరూ కలిసి హాయిగా హిందీలోకి వెళ్ళిపోతారు. అమ్మాయిలైతే బ్యాచ్‌లోనే పరిచయం లేని ఇంకో అమ్మాయిని అడగండి, వీడియో కాల్‌లో చేసుకున్నా నడుస్తుంది.

అద్దం, యాప్‌లు అంటారా, ఎవరూ దొరకని రోజుకి సరే.

ఇంకోటి, క్యాండిడేట్లు బేసి సంఖ్యలో వస్తే చివరి బ్యాచ్‌లో ముగ్గుర్ని కలిపి కూర్చోబెడతారు, టైమ్ కూడా కాస్త పెరుగుద్ది. అందుకని ఒకట్రెండు సార్లు ముగ్గురితో కూడా చేసి చూడండి, మాట దొరకబుచ్చుకోవడం అక్కడ ఇంకా కష్టం.