ఎలక్ట్రిక్ డెస్క్ మొరాయిస్తే: నాలుగేళ్లు వాడాక రాస్తున్న రివ్యూ

మేముండేది కాకినాడలో. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాను. బటన్ నొక్కితే లేచే, దిగే ఎలక్ట్రిక్ డెస్క్ కొని నాలుగేళ్లు దాటింది. నడుం నొప్పి కోసం కొన్నాను, నొప్పి చాలావరకు తగ్గింది కూడా. అయితే కొన్న వారానికే రాసే రివ్యూల్లో బల్ల ఎంత మెత్తగా లేస్తుందో ఉంటుంది గానీ, వేసవిలో కరెంటు పోయి వచ్చాక అది ఎందుకు కదలనంటుందో ఉండదు. నాకు అవసరమైనప్పుడు తెలుగులో ఎక్కడా దొరకని సమాచారం అదే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నాది రెండు కాళ్లకు రెండు మోటార్లున్న రకం. 70 నుంచి 118 సెంటీమీటర్ల వరకు లేస్తుంది. ఈ నాలుగేళ్లలో అది చాలాసార్లు ఆగిపోయింది. మోటారు మాత్రం ఒక్కసారి కూడా చెడలేదు. డెస్క్ కదలకపోతే అందరూ మొదట అనేది "మోటారు పోయింది" అనే. సర్వీసుకి వచ్చిన అబ్బాయి కూడా అదే అన్నాడు. ముందు ఈ యంత్రం లోపల ఏం జరుగుతుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

ఒక్కో కాలి లోపల నిలువుగా మరలున్న ఇనుప కడ్డీ ఒకటి ఉంటుంది. మోటారు ఆ కడ్డీని తిప్పితే దాని మీదున్న నట్టు పైకో కిందకో జరుగుతుంది, దాంతో కాలు సాగుతుంది. మర వాలు తక్కువ కాబట్టి పైనున్న బరువు దాన్ని వెనక్కి తిప్పలేదు. కరెంటు పోతే బల్ల కూలిపోతుందేమోనని మా అమ్మ చాలాకాలం భయపడింది. కూలదు, ఎక్కడిదక్కడే నిలబడుతుంది. మోటారు తిరిగినప్పుడల్లా లోపలి హాల్ సెన్సర్ (అయస్కాంతం కదలికను పసిగట్టే చిన్న భాగం) చిన్న చిన్న పల్స్‌లు, అంటే కరెంటు సంకేతాలు, పంపుతుంది. బల్ల కింద బిగించిన కంట్రోల్ బాక్స్ వాటిని లెక్కపెట్టి, ఇప్పుడు ఎత్తు ఇంత అని తేల్చుకుంటుంది. బల్లను అది చూడలేదు, కొలవలేదు. చీకట్లో మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగే మనిషి లాంటిదది. మధ్యలో లెక్క తప్పితే ఎక్కడున్నాడో తెలియక ఆగిపోతాడు.

లెక్క తప్పేది ఎక్కువగా కరెంటు వల్లే. బల్ల కదులుతుండగా సరఫరా ఆగితే మోటారు ఆ ఊపులో ఇంకాస్త తిరుగుతుంది, ఆ కాస్తా లెక్కలోకి రాకపోవచ్చు. రెండు కాళ్ల లెక్కలు కలవకపోతే బాక్స్ ఎర్రర్ చూపించి మొండికేస్తుంది. ఒక్కోసారి ఒక పక్క వాలి కూడా కనిపిస్తుంది. మాకు ఎండాకాలంలో, గాలివాన రోజుల్లో కరెంటు వస్తూ పోతూ ఉంటుంది. అలాంటి పూట నేను బల్ల ఎత్తు మార్చను, ఎంత ఎత్తులో ఉంటే అంతలోనే పని కానిస్తాను. ఈ అలవాటు వచ్చాక ఎర్రర్లు బాగా తగ్గాయి.

లెక్క తప్పినప్పుడు చేయాల్సింది రీసెట్. ముందు ప్లగ్ తీసి కాసేపు ఆగి మళ్లీ పెట్టాలి. తర్వాత కిందికి దించే బటన్ నొక్కి పట్టుకుని బల్లను పూర్తిగా దించాలి. అడుగుకు చేరాక వేలు తీసి, అదే బటన్‌ను మళ్లీ నొక్కి వదలకుండా పట్టుకోవాలి. కొన్ని సెకన్లకు డిస్‌ప్లే మీద ఆర్‌ఎస్‌టీ (రీసెట్‌కి పొట్టి రూపం) అని వస్తుంది. బల్ల ఇంకాస్త దిగి, చిన్నగా పైకి లేచి ఆగుతుంది. అప్పుడే వేలు తీయాలి. చాలామంది తొందరపడి బల్ల దిగుతుండగానే వదిలేసి, రీసెట్ పనిచేయలేదంటారు. కంపెనీని బట్టి నొక్కే పద్ధతిలో తేడాలుంటాయి, మాన్యువల్‌లో ఒకసారి చూసుకోండి. ఒక జాగ్రత్త మాత్రం మరిచిపోవద్దు. రీసెట్ జరిగేటప్పుడు దేనికైనా తగిలితే ఆగే రక్షణ పనిచేయకపోవచ్చు. బల్ల కింద కుర్చీ, డబ్బాలు, ముఖ్యంగా పిల్లలు లేకుండా చూసుకోవాలి.

నన్ను ఎక్కువకాలం ఇబ్బంది పెట్టింది ఇంకొకటి. బల్ల సగం ఎత్తు వరకు లేచి, ఉన్నట్టుండి ఆగి, రెండు మూడు సెంటీమీటర్లు వెనక్కి దిగేది. ఎర్రర్ ఏమీ చూపించేది కాదు. అది లోపం కాదు, ఆ తగిలితే ఆగే రక్షణే. మోటారు మామూలు కంటే ఎక్కువ కరెంటు లాగితే, ఏదో అడ్డు తగిలిందని బాక్స్ అనుకుంటుంది. మరి అడ్డేమీ లేనప్పుడు ఎందుకలా? దీనికి నేను చేసిన పరీక్ష చాలా సులువు. మానిటర్, సీపీయూ, పుస్తకాలు అన్నీ దించేసి ఖాళీ బల్లను కిందినుంచి పైదాకా నడపాలి. ఖాళీగా ఉన్నప్పుడు సాఫీగా వెళ్లిందంటే తప్పు సామాన్లదో వైర్లదో. ఖాళీగా కూడా ఆగిందంటే ఫ్రేముది.

నా విషయంలో రెండూ ఉన్నాయి. మానిటర్ కేబుల్ పొట్టిగా ఉండి, ఒక ఎత్తు దాటాక గోడ వైపు బిగుసుకునేది. పొడవు కేబుల్ వేసి, బల్ల పైదాకా లేచినా వదులుగా ఉండేలా ట్యాగులతో కట్టాను. ఫ్రేము సంగతి కొంచెం సూక్ష్మం. రెండు కాళ్లనూ కలిపే అడ్డపట్టీ బోల్టులు బిగించేటప్పుడు కాళ్లు కచ్చితంగా సమాంతరంగా లేకపోతే, పైకి వెళ్లేకొద్దీ గొట్టంలో గొట్టం రాసుకుంటుంది. ఆ రాపిడికి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. బల్లను పూర్తిగా దించి, అడ్డపట్టీ బోల్టులు కాస్త వదులు చేసి, కాళ్లు వాటంతటవే సర్దుకున్నాక మళ్లీ బిగిస్తే ఆ సమస్య పోయింది. కీచుమంటోందని గొట్టాల్లో నూనె పోయడం, స్ప్రే కొట్టడం చేయకండి. లోపల ప్లాస్టిక్ పట్టీలు, ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజు ఉంటాయి. స్ప్రేతో ఆ గ్రీజు కాస్తా కారిపోతుంది.

బరువు గురించి కూడా చెప్పాలి. మా బంధువు ఒకాయన ఫ్రేము మాత్రమే కొని, పైన గ్రానైట్ పలక వేయించుకుంటానన్నారు. నాలుగున్నర అడుగుల పొడవు, రెండుంపావు అడుగుల వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న గ్రానైట్ ఒక్కటే సుమారు 50 కిలోలు తూగుతుంది. 80 కిలోలు మోసే ఫ్రేము మీద అది పెడితే మిగిలేది 30 కిలోలే. పైగా బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడే బరువు కూడా ఉంది. ఆయన చివరికి ప్లైవుడ్‌తోనే చేయించుకున్నారు.

డిస్‌ప్లే మీద హాట్ అని వస్తే కంగారు పడక్కర్లేదు. ఈ మోటార్లు చాలావరకు రెండు నిమిషాలు నడిస్తే 18 నిమిషాలు విశ్రాంతి తీసుకునే లెక్కన చేసినవి. రీసెట్ కోసం పదేపదే నొక్కినప్పుడు ఇది వస్తుంది. 20 నిమిషాలు వదిలేస్తే సరి. బటన్లు ఏవి నొక్కినా ఉలుకూ పలుకూ లేకుండా లాక్ గుర్తు మాత్రమే కనిపిస్తుంటే అది చైల్డ్ లాక్. మా అబ్బాయి ఆడుకుంటూ వేసేశాడు. నాది ఎం (మెమరీ) బటన్ కొన్ని సెకన్లు నొక్కితే విడిపోయింది.

ఇక అసలు పెద్ద రిపేరు. మూడో ఏడు వానాకాలంలో ఎడమ కాలు కదలడం మానేసింది. రీసెట్‌కి లొంగలేదు. సర్వీసుకి వచ్చిన అబ్బాయి చూసి, మోటారు విడిగా రాదు, ఫ్రేము మొత్తం మార్చాలన్నాడు. ఒప్పుకోబుద్ధి కాలేదు. కంట్రోల్ బాక్స్‌కి రెండు మోటార్ల కేబుళ్లు ఎం1, ఎం2 అనే రెండు సాకెట్లలో ఉంటాయి. ప్లగ్ పూర్తిగా తీసేసి ఆ రెండు కేబుళ్లనూ అటుదిటు మార్చాను. మళ్లీ ఆన్ చేస్తే ఈసారి ఎడమ కాలికి కదలిక వచ్చింది, కుడి కాలు ఆగింది. అంటే మోటార్లు రెండూ బాగున్నాయి, బాక్స్‌లో ఒక సాకెట్ వైపు తప్పుంది. ఒకవేళ ఎడమ కాలే మళ్లీ ఆగి ఉంటే మోటారో దాని కేబులో పోయినట్టు. ఏ మల్టీమీటరూ అక్కర్లేని పరీక్ష ఇది. ఒక్క క్షణం కదిలించి చూసి వెంటనే ఆపేయాలి, లేకపోతే బల్ల వాలిపోతుంది. సముద్రగాలికి మా ఊళ్లో రాగి, ఇత్తడి పిన్నులు త్వరగా పచ్చబడతాయి. అందుకే ముందు పిన్నులు శుభ్రం చేసి చూశాను, లాభం లేకపోయింది. కొత్త బాక్స్ తెప్పించుకుంటే, దాని ఖర్చు కొత్త డెస్క్ ధరలో ఐదో వంతు కూడా కాలేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇప్పుడు చెబుతాను. చెప్పుల్లేకుండా టైల్స్ మీద నిలబడి ఇనుప కాలిని తాకితే వేళ్లకు జివ్వుమనేది. బాక్స్‌లోని పవర్ సప్లయ్ ఫిల్టర్ నుంచి ఎప్పుడూ కాస్త కరెంటు లీకేజీ ఉంటుంది. అది ఎర్త్ తీగలోంచి వెళ్లిపోవాలి. ఎర్త్ లేకపోతే ఫ్రేములోనే ఉండి మనలోంచి వెళ్తుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ విప్పి, "ఎర్త్ పిన్నుకి వైరే లేదండి, కన్నం మాత్రమే ఉంది" అన్నాడు. పాత ఇళ్లల్లో ఇది మామూలే. ఎర్త్ సరిచేయించిన రోజు నుంచి ఆ జివ్వు లేదు. రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి ఈ డెస్క్‌ని దయచేసి తగిలించకండి. డెస్క్ ఇంటికి రాకముందే ఎర్త్ చూపించుకోండి.

ఊగడం ఎత్తు మారే డెస్క్‌లన్నిటికీ కొంత ఉంటుంది. అప్పుడప్పుడు అలెన్ కీతో బోల్టులు బిగిస్తే చాలు. పార్టికల్ బోర్డు పలకలో స్క్రూ కన్నాలు వదులైతే మాత్రం ప్లైవుడ్‌కి మారడం మేలు. నేను ఊళ్లోని కార్పెంటర్‌తో 25 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక చేయించుకున్నాను, ఊపు సగానికి సగం తగ్గింది.

కొనమంటానా అంటే, కూర్చుని ఎక్కువ గంటలు పని చేసేవాళ్లకు తప్పకుండా కొనమంటాను. అయితే రంగు, మెమరీ బటన్లు చూసే ముందు అమ్మేవాళ్లను ఒకటి అడగండి: కంట్రోల్ బాక్స్, బటన్ ప్యానెల్ విడిగా అమ్ముతారా, ధరెంత? సూటిగా జవాబు రాకపోతే వేరే కంపెనీ చూసుకోండి. ఒక కంపెనీ బాక్స్ మరో కంపెనీ మోటార్లకు సాధారణంగా నప్పదు. వోల్టేజీ, పిన్నుల వరస, పల్స్‌ల లెక్క దేనికదే వేరు. కొన్న రోజునే బల్ల కిందికి వంగి, బాక్స్ మీదున్న స్టిక్కర్‌ని మోడల్ నంబరు కనబడేలా ఫోటో తీసి దాచుకోండి. మా దాని స్టిక్కర్ తేమకు చెరిగిపోయి, సరైన బాక్స్ ఏదో తేల్చుకోవడానికి పాత బిల్లు వెతకాల్సి వచ్చింది.