జోగులాంబా? ఎరుకా?

మా చెల్లె బిడ్డకు పేరు వెతికితే చివరికి రెండు మిగిలాయి.

జోగులాంబ అంటే యోగుల తల్లి. 'యోగి'యే జనం నోట 'జోగి' అయింది. అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటైన అలంపురం అమ్మవారి పేరు. 2016లో ఏకంగా జిల్లాకే పెట్టారు కాబట్టి ఎక్కడా విడమరిచి చెప్పనక్కర్లేదు. గద్వాల వైపు పెద్దవాళ్లలో వింటాం, చిన్నపిల్లల్లో అరుదు. పిలవడానికి కాస్త బరువే.

నా మనసు మాత్రం ఎరుక మీదే. సూర్యాపేట దగ్గర పిల్లలమర్రిలో 1208లో కాకతీయుల సామంతుడు రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరుకసాని పేరున ఎరకేశ్వరాలయం వెలిసింది. భార్య పేరుతో గుడి, అదీ ఆ కాలంలో! ఎరుక అంటే జ్ఞానం. 'నాకెరుకే' అని రోజూ అనే మాటే, అచ్చ తెలుగు. 'సాని' కూడా 'స్వామిని' నుంచి వచ్చిన గౌరవ పదమే. తర్వాత అర్థం దిగజారింది కాబట్టి ఆ ముక్క వదిలేయొచ్చు. సోది చెప్పే ఎరుకలసాని గుర్తొస్తుందని మా అమ్మకు టెన్షన్. జరగబోయేది చెప్పే మనిషి గుర్తొస్తే నష్టమేంటని నేను.

తొట్టెల నాటికీ తేలలేదు. సర్టిఫికెట్‌లో జోగులాంబ, ఇంట్లో ఎరుక.