జిల్లా బోధనాసుపత్రి కాలిన గాయాల వార్డు: ఒక అటెండెంటు సమీక్ష

కాలిన గాయాల వార్డును తీరిగ్గా ఎంచుకునే వ్యవధి ఎవరికీ ఉండదు. 108 ఎక్కడికి తీసుకువెళితే అక్కడ చేరవలసిందే. అక్కడ చేరినవారిలో ఎంతమంది చనిపోతున్నారన్న ఒక్క లెక్కను పట్టుకుని వార్డు మంచిదో కాదో తేల్చడం మాత్రం న్యాయం కాదని, మా వదినగారికి అటెండెంటుగా మా జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ బోధనాసుపత్రిలో ఉండి చూసిన తరువాత నాకు కలిగిన అభిప్రాయం. రోగి గడప దాటేసరికే కొంత నిర్ణయమైపోయి ఉంటుంది. తక్కినది వార్డు చేతిలో ఉంటుంది కనుక, ఆ తక్కినదాన్ని బట్టే ఈ వార్డును అంచనా వేస్తున్నాను.

రోగితోపాటు వచ్చేవి ప్రధానంగా మూడు: వయసు, కాలిన భాగం, పొగ పీల్చడం వల్ల ఊపిరితిత్తులకు తగిలిన దెబ్బ. అమెరికాలోని బోస్టన్ వైద్యులు 1998లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అరవై దాటిన వయసు, ఒంటిమీద 40 శాతానికి మించిన గాయం, పొగ దెబ్బ అనే ఈ మూడింటిలో ఏదీ లేనివారిలో మరణాలు 0.3 శాతం, ఒకటి ఉన్నవారిలో 3 శాతం, రెండు ఉన్నవారిలో 33 శాతం, మూడూ ఉన్నవారిలో దాదాపు 90 శాతం. అన్ని వసతులూ ఉన్నచోట వచ్చిన అంకెలివి. మన వార్డులకు వచ్చేవారిలో వంటింట్లో చీర అంటుకున్న ఆడవారు, కిరోసిన్ పోసుకున్నవారు ఎక్కువ. వారికి గాయం ఒళ్లంతా పాకి ఉంటుంది, ఆసుపత్రికి రావడమూ ఆలస్యమవుతుంది. అందువల్ల రెండు ఆసుపత్రుల మరణాల శాతాలను పక్కపక్కన పెట్టి పోల్చేవారు ముందు రోగులను పోల్చాలి.

ఈ వార్డులో నన్ను అన్నిటికన్నా మెప్పించినది చేర్చుకున్న మొదటి గంట. మమ్మల్ని పంపిన నర్సింగ్ హోమ్ వారు చీటీలో 60 శాతం అని రాశారు. ఇక్కడి డ్యూటీ డాక్టరుగారు ఆ అంకెను అలాగే తీసుకోలేదు. మనిషి బొమ్మ ముందువైపు, వెనకవైపు అచ్చువేసిన కాగితం మీద ఎర్రపెన్నుతో గాయాన్ని గుర్తించుకుంటూ, వేళ్లతో సహా రోగి అరచేయి ఒక శాతమన్న కొలతతో చిన్న మచ్చలను కూడుకుంటూ, కేవలం ఎర్రబారిన చర్మాన్ని లెక్కలోంచి తీసివేసి 35 శాతమని తేల్చారు. ఇది కాగితం మీది తేడా మాత్రమే కాదు. కిలో బరువుకు, ఒక్కో శాతానికి నాలుగు మిల్లీలీటర్ల చొప్పున సెలైన్ ఎక్కించే పద్ధతిలో, 60 కిలోల మా వదినగారికి మొదటి రోజుకు 8.4 లీటర్లు కావాలి. పాత అంకె ప్రకారం ఎక్కించి ఉంటే అది 14.4 లీటర్లయ్యేది. తక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆ మొత్తంలో సగం మొదటి ఎనిమిది గంటల్లో వెళ్లాలి, ఆ గంటలు కాలిన సమయం నుంచి లెక్క, ఆసుపత్రికి చేరిన సమయం నుంచి కాదు. మేము దారిలోనే మూడు గంటలు పోగొట్టుకున్నామని తెలుసుకుని, ఆ సగం మిగిలిన ఐదు గంటల్లో వెళ్లేలా వేగం పెంచారు. సిస్టర్ గంటగంటకూ మూత్రపు సంచిని కొలజాడీలోకి వంచి, గంటకు 30 నుంచి 50 మిల్లీలీటర్ల మధ్య వస్తున్నదా లేదా చూసి, దాన్ని బట్టి సెలైన్ వేగం మార్చేవారు. రాత్రిపూట వార్డంతటికీ ఒక్కరే సిస్టర్ ఉండడంతో చార్టులో కొన్ని గళ్లు ఖాళీగా మిగిలిపోయేవి. అది ఆమె తప్పు కాదు. అక్కడ ఇంకొకరిని వేయకపోవడం తప్పు.

మొదటి రెండు మూడు రోజులు గడిచిన తరువాత ప్రాణాలు తీసేది ఎక్కువగా ఇన్ఫెక్షనే. చర్మం పోయిన ఒంటికి అడ్డుగోడ ఉండదు. సూడోమోనాస్, అసినెటోబాక్టర్ వంటి క్రిములు వార్డుల్లోనే కాపురముంటాయి. డ్రెస్సింగుకు వేరే గది, రోగి రోగికీ గ్లౌజులు మార్చడం, గాయంలో ఏ క్రిమి ఉందో చెప్పే కల్చర్ రిపోర్టు చూసి యాంటీబయాటిక్ మార్చడం ఇక్కడ సక్రమంగానే జరిగాయి. కానీ చేతులు కడిగే చోట సబ్బు ఎన్నోసార్లు లేదు. సాయంత్రమైతే బంధువులు బయటి చెప్పులతోనే లోపలికి వచ్చి మంచం మీద కూర్చునేవారు. ఖరీదైన మందు కన్నా ముందు ఆ సబ్బు ఉండాలి.

పెద్ద లోపం ఆపరేషన్ల ఆలస్యం. లోతుగా కాలిన చర్మాన్ని చీముపట్టేదాకా ఉంచకుండా మొదటి రోజుల్లోనే తొలగించి కొత్త చర్మం అతికించాలని స్లొవేనియా సర్జన్ జోరా యాంజెకోవిచ్ 1970లోనే చూపించారు. ఇక్కడ ఈ వార్డుకు థియేటర్ దొరికేది వారానికి రెండు రోజులే కావడంతో మా వంతు మూడో వారంలో వచ్చింది. సొంత చర్మం చాలనివారికి దాతల చర్మంతో తాత్కాలికంగా కప్పే ఏర్పాటు అసలే లేదు. హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో 2021లో చర్మ బ్యాంకు మొదలైంది. చనిపోయిన ఆరు గంటల లోపు తీసిన చర్మాన్ని గ్లిసరాల్‌లో ఏళ్ల తరబడి నిల్వచేయవచ్చు. జిల్లాలకు అది చేరకపోవడం నాకు బాధ కలిగించింది.

భోజనంలో గుడ్లు, పాలు ఇస్తారు. కాలిన ఒళ్లు కండను కరిగించుకుంటుంది కనుక అది చాలదని డైటీషియన్ చెప్పి, ఇంటినుంచి ఏమేమి తేవాలో రాసిచ్చారు. చికిత్స ఖర్చు ఆరోగ్యశ్రీలో వచ్చింది, కొన్ని మందులు బయట కొన్నాము. పక్క మంచం మీది అమ్మాయితో మాట్లాడే ముందు సిస్టర్ ఆమె అత్తవారిని బయటకు పంపడం చూశాను. ఆ ఒక్క పనికి ఈ వార్డు మీద నాకు గౌరవం పెరిగింది.

మధ్యవయసు వారికి, 40 శాతం లోపు గాయాలకు ఈ వార్డును నమ్మి వెళ్లవచ్చు. బయలుదేరే ముందు కాలిన చోటును ఇరవై నిమిషాలు కుళాయి నీటి కింద ఉంచండి, టూత్‌పేస్టు, సిరా వంటివి పూయకండి. పూస్తే లోతు తెలియదు. మూసిన గదిలో కాలినా, ముక్కు వెంట్రుకలు కమిలినా, గొంతు బొంగురుపోయినా మాత్రం కొద్ది గంటల్లోనే గొంతు వాచి ఊపిరి ఆగవచ్చు. ఈ వార్డుకు సొంత వెంటిలేటర్లు లేవు, ప్రధాన ఐసీయూలో పడక ఖాళీ అయితేనే ఇస్తారు. అటువంటి రోగిని తెచ్చేవారు ఆ పడక ఉన్నదో లేదో ఆంబులెన్సులోంచే ఫోన్ చేయించి కనుక్కోవాలి.